సిరాచుక్క చరిత్ర

సిరా నింపుట మన పెద్దలకు ఒక సమస్యగా తోచియుండదు. బల్లమీద సిరాబుడ్డి ఉండెడిది. కలము ఎండినప్పుడు ముంచుకొనెడివారు. లేదా మూత విప్పి పోసికొనెడివారు. ఆ బుడ్డి ఎవరిది, అందులో ఏ సిరా పోయవలెను, ఎవరు పోయవలెను అను ప్రశ్నలు న్యాయస్థానముల మెట్లు ఎక్కునని వారిలో ఎవరును ఊహించియుండరు. ఇంక్‌జెట్ ప్రింటరు బల్లమీదికి వచ్చిన పిమ్మట సరిగా అదియే జరిగినది. అరచేతిలో ఇమిడిపోవు ప్లాస్టిక్ పెట్టెను, అనగా కార్ట్రిడ్జిని, మరల నింపవచ్చునా, నింపరాదా అను తగవు అమెరికాలోను జపానులోను పెద్ద న్యాయస్థానముల వరకు పోయినది.

ఈ తగవులో ఇరుపక్షముల వాదములును మనకు పరిచితములే. యంత్రము తయారుచేయువారు, "మా సిరా కాక మరియొక సిరా పోసినచో ప్రింట్‌హెడ్ చెడిపోవును" అందురు. కొనినవారు, "అది సాకు మాత్రమే, అసలు సంగతి సిరా వెల" అందురు. ఒకటి శాస్త్రమునకు సంబంధించిన మాట. రెండవది వర్తకమునకు సంబంధించిన మాట. రెండింటిలోను నిజమున్నది. ఆ రెండు నిజములు ఒకే పెట్టెలో ఎట్లు చేరినవో తెలిసికొనవలెనన్నచో సిరాచుక్క నడిచివచ్చిన దారిని కొంత దూరము వెనుకకు పోయి చూడవలెను.

తాళపత్రముల కాలమున మనవారికి ఈ చిక్కు లేదు. గంటముతో ఆకుపై అక్షరములు గీసి, పిదప ఆ గీతలలో మసి రుద్దెడివారు. నలుపు చివర వచ్చి చేరెడిదే కాని, ఏ గొట్టము గుండను ప్రవహించి రావలసిన పని లేదు. కాగితము వాడుకలోనికి వచ్చిన తరువాత దీపపు మసిని జిగురుతో నూరి చేసిన సిరాయు, కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి చేసిన సిరాయు ప్రచారములోనికి వచ్చెను. అవి ముంచి వ్రాయు కలములు గనుక సిరా కొంచెము చిక్కబడినను ప్రమాదము లేదు. మొనను తుడిచి మరల ముంచిన చాలును.

1884లో అమెరికా దేశీయుడగు లూయీ వాటర్‌మన్ తన ఫౌంటెన్ పెన్నుకు పేటెంటు పొందెను. ఈ విధమైన కలములో సిరా లోపలనే నిలువయుండి, సన్నని కాలువ గుండ కొంచెము కొంచెముగ మొనకు దిగవలెను. అప్పుడు సామాన్య జనులకు ఒక కొత్త పాఠము తెలియవచ్చినది. చిత్రకారులు వాడు లక్క కలిసిన నల్లసిరా కుంచెకును, ముంచు కలమునకును చాల మేలైనది. దానినే ఫౌంటెన్ పెన్నులో పోసినచో ఎండి కాలువను మూసివేయును. రాజమహేంద్రవరపు రత్నం కలములు వాడినవారికి, కలమును నెలల తరబడి సిరాతో అట్లే వదలివేసినచో ఏమగునో చెప్పనక్కరలేదు. దోషము సిరాలో లేదు, దారి సన్నమైనది. దారి సన్నమగుకొలది సిరాకు కట్టుబాట్లు పెరుగును. ఇంక్‌జెట్ చరిత్రకంతకును ఇదియే మూలసూత్రము.

కలము కాగితమును తాకకుండ సిరాను దూరమునుండియే చిమ్మి వ్రాయవచ్చునన్న ఆలోచన కొత్తది కాదు. కుళాయి నుండి సన్నగా జారు నీటిధార కొంత దూరము పోయి చుక్కలుగా తెగుట మనమందరము చూచినదే. ఈ తెగుటలోని క్రమమును ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు ఫెలిక్స్ సవార్ 1833లో పరిశీలించెను. బెల్జియము దేశీయుడు జోసెఫ్ ప్లాటో దానికి ద్రవముల తలతన్యతయే కారణమని చూపెను. ఇంగ్లాండులో లార్డ్ రేలీ 1878లో దానికి గణితము కట్టెను. ద్రవము ఎప్పుడును తన ఉపరితలమును కుదించుకొనవలెనని చూచును. ధారగా ఉండుటకంటె గుండ్రని చుక్కలుగా ఉండుట దానికి సులభము. ప్రకృతియే చుక్కలను చేయుచున్నది. మనుష్యుడు వానిని తనకు కావలసిన చోట పడవేయుట నేర్చుకొనవలసి యుండెను.

మొదటి ప్రయత్నము సముద్రగర్భపు తంతి వలన కలిగినది. వేల మైళ్లు ప్రయాణము చేసివచ్చిన విద్యుత్తు మిక్కిలి బలహీనమై యుండెడిది. దానితో కదలు కలము కాగితమునకు రాసికొనినచో ఆ రాపిడికే ఆగిపోవును. అందుచేత తరువాత లార్డ్ కెల్విన్ అని పేరొందిన విలియం థామ్సన్ 1867లో ఒక యుక్తి కనిపెట్టెను. సన్నని గాజుగొట్టము నుండి, విద్యుదావేశము పొందిన సిరా, గొట్టము కాగితమును తాకకుండగనే దానిపై చుక్కలుగా పడునట్లు చేసెను. తంతిసందేశము కాగితముపై వంకర గీతగా వెలసెను.

దానికి సుమారు ఎనిమిది దశకముల పిమ్మట స్వీడన్ దేశములో రూనే ఎల్మ్‌క్విస్ట్ అను వైద్యుడు, ఇంజనీరు, హృదయస్పందనములను గీతలుగా వ్రాయు సాధనమునకు సిరాధారను ఉపయోగించెను. దానికి అమెరికా పేటెంటు 1951లో లభించినది. 1958లో తొలిసారిగా మనుష్యుని శరీరములో అమర్చిన పేస్‌మేకరును రూపొందించినవాడును ఈయనయే. గుండె గీతలు వ్రాయు సాధనమునుండి ఇంక్‌జెట్ ఆఫీసులోనికి నడిచివచ్చిన దన్నమాట.

1960 తరువాతి కొలది సంవత్సరములలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున రిచర్డ్ స్వీట్ మరియొక ముందడుగు వేసెను. ఒత్తిడితో వెలువడు సిరాధారను కంపింపజేసి సమానమైన చుక్కలుగా తెగగొట్టి, ఒక్కొక్క చుక్కకు తగినంత విద్యుదావేశమునిచ్చి, దారిలో దానిని కావలసినంత ప్రక్కకు వంచుట ఆయన పద్ధతి. కాగితమునకు అక్కరలేని చుక్కలు ఒక దోనెలో పడి మరల సిరాతొట్టిలోనికి పోవును. ఈ పద్ధతిని అనుసరించి ఐ.బి.ఎం. సంస్థ 1976లో తన 6640 సంఖ్య గల యంత్రమును వెలువరించెను. నేడు మందుసీసాలమీదను, పాలపొట్లములమీదను చుక్కలు చుక్కలుగా కనబడు తేదీలు తరచుగా ఈ రీతిని ముద్రించినవే.

ఈ పద్ధతిలో ఒక సుగుణమున్నది. సిరా ఎన్నడును నిలిచియుండదు; యంత్రము నడచునంతసేపు ప్రవహించుచునే ఉండును. ప్రవహించు సిరా ఎండదు. అయితే పంపు, వడపోత, విద్యుత్ పరికరములు, దోనె, ఇవన్నియు కలిసి యంత్రము పెద్దదై, వెల హెచ్చినది. కర్మాగారమునకు తగినదే కాని గృహస్థుని బల్లకు తగినది కాదు. గృహస్థునకు కావలసినది, పిలిచినప్పుడు మాత్రమే చుక్కను విడుచు యంత్రము.

పిలిచినప్పుడు చుక్కను విడువవలెనన్నచో తక్కిన వేళలందు చుక్క ద్వారముకడ కనిపెట్టుకొని యుండవలెను. ఇక్కడనే మన కథలోని అసలు చిక్కు ఆరంభమగుచున్నది. గాలి తగులుచు, సన్నని రంధ్రపు నోటిలో గంటలును దినములును వేచియుండు సిరా ఎండక ఎట్లుండును?

చుక్కను వేళకు నెట్టుటకు రెండు మార్గములు ఏర్పడినవి. ఒకటి, విద్యుత్తు తగిలినప్పుడు ఆకారము మార్చుకొను పీజో స్ఫటికముతో సిరాగదిని ఒత్తుట. అమెరికాలో స్టీవెన్ జోల్టన్ మున్నగువారు 1970 తరువాత ఇట్టి సాధనములను నిర్మించిరి. జర్మనీలో సీమెన్స్ సంస్థ 1977లో పి.టి.-80 అను యంత్రమును వెలువరించెను. రెండవది, వేడితో సిరాలో బుడగను పుట్టించి, ఆ బుడగచే చుక్కను వెలికి నెట్టుట. ఈ రెండవ మార్గము దొరికిన విధము ప్రసిద్ధమైనది. 1977లో జపానులోని కానన్ సంస్థ ప్రయోగశాలలో సిరా నింపిన సిరంజి సూదికి కాలిన సోల్డరింగ్ కడ్డీ పొరపాటున తగిలినది. సూది మొన నుండి సిరా చివ్వున చిమ్మినది. అక్కడ పనిచేయుచుండిన ఇచిరో ఎండో దానిలోని అర్థమును గ్రహించెను. ఇంచుమించు ఆ కాలముననే అమెరికాలోని హ్యూలెట్-పాకార్డ్, అనగా హెచ్.పి., సంస్థలో జాన్ వాట్ అను ఇంజనీరు తనంతట తాను అదే మార్గమును కనుగొనెను.

ఈ బుడగ పద్ధతి వినుటకు సులభముగ నున్నను సిరాకు అది అగ్నిపరీక్షయే. రంధ్రము వెనుకనున్న చిన్న లోహపు పొర సెకనులో కొన్ని లక్షలవ వంతు కాలములో సుమారు 300 డిగ్రీల సెంటిగ్రేడు వేడి పొందును. దానిని ఆనియున్న సిరాపొర ఆవిరియై బుడగగా ఉబ్బి, ఎదుటనున్న సిరాను చుక్కగా నెట్టి, వెంటనే కూలిపోవును. ఆ కూలిపోవు తాకిడి కూడ తక్కువది కాదు. దానిని ఓర్చుకొనుటకు పైన టాంటలం అను గట్టి లోహపు పూత పూయుదురు. ఇట్టి వేడి, ఇట్టి దెబ్బ, ఒకే చోట కోట్లకొలది సార్లు! సిరాలోని రంగు గాని మలినము గాని ఆ వేడికి మాడినచో పూతమీద పొరగా పేరుకొనును. పొర పెరిగినకొలది వేడి సిరాకు సరిగా అందదు. చుక్క చిన్నదై, దారి తప్పి, చివరకు రాకయే పోవును. ఈ దోషమునకు ఇంజనీర్లు పెట్టుకొనిన పేరు "కోగేషన్". అది మాడుట అను అర్థము గల జపాను మాటనుండి పుట్టినది. అడుగంటిన అన్నపు మాడును గీకిన గృహిణికి ఈ దోషమును వేరుగ వివరింపనక్కరలేదు. అయితే ఇచట గిన్నె వెంట్రుకవాసి కంటె చిన్నది, గీకుటకు గరిటె లేదు.

రంధ్రముల పరిమాణమును కొంచెము ఊహించుడు. నేటి యంత్రములలో ఒక్కొక్క రంధ్రము సుమారు 20 మైక్రానుల వెడల్పు గలది. మన తలవెంట్రుక దానికి రెండు మూడు రెట్లు లావైనది. చుక్క పరిమాణము కొన్ని పికోలీటరులు మాత్రమే. ఒక మిల్లీలీటరులో 100 కోట్ల పికోలీటరులున్నవి. అనగా 5 పికోలీటరుల చుక్క ఒక్కొక్కటిగా విడిచినచో ఒక మిల్లీలీటరు సిరాకు 20 కోట్ల చుక్కలు వచ్చును.

ఇట్టి రంధ్రమునకు తగిన సిరాను చేయు రసాయనజ్ఞుని కష్టము ఎట్టిదో ఇప్పుడు బోధపడును. సిరా కాగితముమీద పడిన వెంటనే ఎండవలెను. లేనిచో చేయి తగిలి అలుముకొనును. అదే సిరా రంధ్రపు నోటిలో ఎండరాదు. ఎండినచో దారి మూసికొనిపోవును. ఎండుటయు ఎండకుండుటయు, రెండును ఒకే ద్రవము చేయవలెను! దీనికై నీటిలో రంగుతోపాటు గ్లిసరిన్, గ్లైకాల్ వంటి తేమ పట్టియుంచు పదార్థములను కలుపుదురు. తలతన్యతను సరిచేయుటకు మరియొక పదార్థము, బూజు పట్టకుండుటకు ఇంకొకటి. స్నిగ్ధత, అనగా జిగటదనము, మితమును మించినచో చుక్క వెలువడదు. తగ్గినచో ఒక చుక్కకు మారుగా తోకయు తుంపరయు వచ్చును. రంగులలో సైతము రెండు జాతులున్నవి. ఒకటి నీటిలో పూర్తిగా కరగు డై. మరియొకటి కరగక, కంటికి కనబడని రేణువులుగా తేలుచుండు పిగ్మెంటు. మొదటిది రంధ్రమునకు సుకుమారమైనది, కాని వెలుతురుకు త్వరగా వెలిసిపోవును. రెండవది కాగితముమీద నిలుచును, కాని రంధ్రములో ఎండినచో కడుగుట కష్టము.

ఈ చిక్కును సంస్థలు తమ తమ తీరున తీర్చుకొనినవి. హెచ్.పి. సంస్థ 1984లో థింక్‌జెట్ అను యంత్రమును 495 డాలర్లకు విడుదల చేసెను. దాని హెడ్డులో 12 రంధ్రములు మాత్రమే ఉండెను. హెడ్డు మాడుట, మూసికొనుట తప్పదని గ్రహించిన ఆ ఇంజనీర్లు, దానిని బాగుచేయు మార్గమును వెదకుటకు మారుగా, హెడ్డును సిరాపెట్టెకే అతికించిరి. సిరా అయిపోయినప్పుడు హెడ్డు కూడ పోవును. కొత్త సిరాతో కొత్త హెడ్డు వచ్చును. రోగము ముదురక మునుపే రోగిని మార్చివేయుట వంటిది ఈ చికిత్స. అది నిజముగ తెలివైన పరిష్కారమే. 1988లో వెలువడిన డెస్క్‌జెట్‌లో రంధ్రములు 50 అయినవి. సాధారణపు కాగితముపై అంగుళమునకు 300 చుక్కల నాణ్యముతో ముద్రణ సాధ్యమైనది.

ఎప్సన్ సంస్థ దీనికి వ్యతిరేకమైన దారి పట్టినది. పీజో పద్ధతిలో సిరాను కాల్చవలసిన పని లేదు. హెడ్డు చాలకాలము మన్నును, కాని దాని తయారీ ఖరీదు హెచ్చు. అందుచే 1993లో వచ్చిన స్టైలస్ యంత్రము మొదలుకొని హెడ్డును యంత్రములోనే స్థిరముగ నిలిపి, సిరాపెట్టెను మాత్రమే మార్చు ఏర్పాటు చేసినది. ఈ రెండు దారులలోని భేదమును జ్ఞాపకముంచుకొనవలెను. చెడ్డ సిరా పోసినచో మొదటిదానిలో పోవునది ఒక పెట్టె. రెండవదానిలో పోవునది యంత్రమే.

వర్తకుడు ఈ పరిష్కారమునుండి ఇంజనీరు తలపెట్టని లాభమును పిండుకొనెను. పెట్టె మాటిమాటికి కొనవలసినదే గనుక యంత్రమును చౌకగ ఇచ్చి, లాభమును సిరాలో రాబట్టుకొనవచ్చును. 1990 తరువాతి దశకములో హెచ్.పి. 45 సంఖ్య గల నల్లసిరా పెట్టెలో 42 మిల్లీలీటరుల సిరా ఉండెను. సుమారు పది సంవత్సరములకు గృహస్థుల చౌక యంత్రములకై వచ్చిన 21 సంఖ్య గల పెట్టెలో 5 మిల్లీలీటరులు మాత్రమే ఉండెను. చిన్నపెట్టె వెల తక్కువయే. కాని బొట్టు లెక్కను చూచినప్పుడు కొనువానికి నష్టమే. దరఖాస్తులు అచ్చువేసికొను విద్యార్థి, పత్రములు తయారుచేయు చిన్న గుమాస్తా, వీధిచివర దుకాణదారు, వీరికి పెట్టె వెల చూచినప్పుడెల్ల యంత్రము వెల జ్ఞాపకము వచ్చుచుండెను.

అప్పుడు రంగములోనికి మరల సిరంజి వచ్చినది. సూది మొన నుండి పుట్టిన యంత్రమును జనులు సూదితోనే నింపసాగిరి. పెట్టెపై చీటీ తొలగించి, రంధ్రములో సూది దింపి, లోపలి స్పంజి తడియువరకు సిరా ఎక్కించి, చీటీ మరల అతికించుట. దీనికి రీఫిల్ అను పేరు మన ఊళ్లలో సైతము స్థిరపడినది. జిరాక్సు దుకాణములలో, కంప్యూటరు సామాను అమ్ము వీధులలో, వ్రేళ్లకు నాలుగు రంగులు అంటిన కుర్రవాడు ఈ పని చేయుట అనేకులు చూచియుందురు. అది ఒక చిన్న వృత్తి. కొన్ని కుటుంబములకు కూడు పెట్టినది.

ఈ వృత్తిలో సామర్థ్యము గలవారును, లేనివారును ఉండిరి. పెట్టెలోని స్పంజి కేవలము సిరాను పట్టియుంచు గుడ్డ కాదు. అది సిరాను కొంచెము వెనుకకు లాగిపట్టియుంచును. ఆ లాగుడు వలననే రంధ్రములనుండి సిరా కారిపోకుండ నిలుచును. అతిగా నింపినచో ఆ లాగుడు పోయి సిరా ముద్రణములో అలుముకొనును. త్వరపడి నింపినచో గాలిబుడగలు చిక్కుకొని దారిని అడ్డగించును. సిరా పూర్తిగా ఎండువరకు ముద్రించి, ఆ పిమ్మట నింపినచో వేడి పద్ధతి హెడ్డునకు మరింత హాని. చల్లార్చుటకు సిరా లేని లోహపు పొర తన వేడికి తానే కాలిపోవును. డై సిరా ఉండిన చోట పిగ్మెంటు సిరా పోసినచో, రెండింటి రసాయనములు పొసగక, పెరుగు విరిగినట్లు రేణువులు ముద్దకట్టవచ్చును. పీజో హెడ్డుకై చేసిన సిరాను వేడి హెడ్డులో పోసినచో మాడు పట్టవచ్చును. కావున "ఏ సిరా అయిననేమి?" అను మాట సరికాదు. సరియైన సిరాను, ఖాళీ కాకమునుపే, నెమ్మదిగా, మితముగా నింపినవారి పెట్టెలు అనేకమార్లు పనిచేయుటయు అంతే నిజము.

తయారుచేయు సంస్థలు ఈ సంగతిని న్యాయస్థానములకు ఎక్కించినవి. అమెరికాలో రిపీట్-ఓ-టైప్ అను సంస్థ హెచ్.పి. కొత్త పెట్టెలను కొని, మరల నింపుటకు వీలగునట్లు మార్చి అమ్మెను. 1997లో అప్పీలు న్యాయస్థానము అది పేటెంటు భంగము కాదని తీర్పు చెప్పినది. సిరా అయిపోయినంత మాత్రమున పెట్టె ఆయువు తీరలేదు. ఆయువున్న వస్తువును వాడుకకు తెచ్చుట కొనినవాని హక్కు అనుట దానిలోని తాత్పర్యము.

జపానులో మాత్రము తక్కెడ మరియొక వైపు మొగ్గినది. కానన్ సంస్థ పెట్టెలో రెండు స్పంజులు ఒకదానికొకటి గట్టిగా ఒత్తుకొనియుండి, ఆ సంధిలో నిలిచిన సిరాయే కారుటను ఆపు అడ్డుకట్టగా పనిచేయు నిర్మాణమునకు పేటెంటు ఉండెను. వాడి పారవేసిన పెట్టెలో ఆ సంధి ఎండిన సిరాతో మూసికొనిపోవును. రీసైకిల్ అసిస్ట్ అను సంస్థ, అట్టి పెట్టెలకు రంధ్రము తొలిచి, లోపల కడిగి, సిరా నింపి ముద్రవేసిన వానిని దిగుమతి చేసి అమ్మెను. 2004లో టోక్యో జిల్లా న్యాయస్థానము ఆ సంస్థ పక్షమున తీర్పు చెప్పినది. 2006లో మేధాసంపత్తి ఉన్నత న్యాయస్థానము దానిని త్రిప్పివేసినది. 2007 నవంబరు 8న సుప్రీంకోర్టు కానన్ పక్షమునే స్థిరపరచినది. ఎండిన సిరాను కడిగి అడ్డుకట్టను తిరిగి కల్పించుట బాగుచేయుట కాదు, పేటెంటు గల వస్తువును కొత్తగా తయారుచేయుటయే అని నిర్ణయము. సిరా రంధ్రములో ఎండు స్వభావము ఒక దేశపు న్యాయశాస్త్రమునకు సైతము ఆధారమైనది!

న్యాయస్థానములతో తృప్తిపడక కొన్ని సంస్థలు పెట్టెకు తాళము వేయనారంభించెను. పెట్టెపై చిన్న చిప్పు అమర్చి, ఆ చిప్పును గుర్తింపనిచో యంత్రము ముద్రింపకుండునట్లు చేసిరి. సిరాకు మారుగా పొడిని వాడు లేజర్ యంత్రముల కార్ట్రిడ్జిలపై ఇట్టి చిప్పును అనుకరించినందులకు లెక్స్‌మార్క్ సంస్థ స్టాటిక్ కంట్రోల్ అను సంస్థపై 2002లో వ్యాజ్యము వేసెను. 2004లో అప్పీలు న్యాయస్థానము లెక్స్‌మార్క్ వాదమును అంగీకరింపలేదు. 2016 సెప్టెంబరులో కొన్ని హెచ్.పి. ఇంక్‌జెట్ యంత్రములు, అంతవరకు పనిచేయుచుండిన ఇతరుల పెట్టెలను ఒక్కసారిగా నిరాకరింపసాగెను. కొనినవారి కోలాహలము హెచ్చిన మీదట సంస్థ క్షమాపణ చెప్పి, ఆ అడ్డును తొలగించుకొను మార్గము చూపినది. ఆ పెట్టెలను నిరాకరించినది చెడిన హెడ్డు కాదు. యంత్రములోనికి పంపిన ఆజ్ఞ. సిరా వలన హెడ్డుకు కలుగు హానియు, తాళము వలన కొనువానికి కలుగు హానియు వేరువేరని లోకమునకు స్పష్టముగ తెలిసినది ఆనాడే.

2017 మే 30న అమెరికా సుప్రీంకోర్టు లెక్స్‌మార్క్ సంస్థకు సంబంధించిన మరియొక వ్యాజ్యములో, ఒక వస్తువును అమ్మినతోడనే దానిపై అమ్మినవాని పేటెంటు అధికారము ముగియునని తీర్పు చెప్పినది. ఒకసారి వాడి తిరిగి ఇచ్చివేయవలెనను షరతుతో అమ్మినను, విదేశములో అమ్మినను, ఫలితమిదియే. ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ ఆ తీర్పును వ్రాసెను.

ఇంతలో తూర్పుదేశములలో జనులు తీర్పులకొరకు వేచియుండలేదు. ఇండోనేషియా మొదలగు చోట్ల దుకాణదారులు ప్రింటరు ప్రక్కన పెద్ద సిరాసీసాలు నిలిపి, సన్నని గొట్టములతో సిరాను హెడ్డునకు అందించు ఏర్పాట్లు సొంతముగా చేసికొనుచుండిరి. సంస్థ వద్దనిన పనియే వాడుకయైపోయినది. దానిని చూచి ఎప్సన్ సంస్థ 2010లో ఆ ఇండోనేషియాలోనే, తొట్టె అమర్చిన యంత్రమును తానే అమ్మనారంభించెను. యంత్రము వెల హెచ్చు. సిరా మాత్రము 70 మిల్లీలీటరుల సీసాలలో చౌకగ దొరకును. మూత విప్పి పోసికొనుటయే. పిమ్మట ఆ యంత్రములు మన దేశమునకును వచ్చినవి. 2016 నాటికి కానన్, హెచ్.పి. సంస్థలును అదే దారి పట్టినవి. ముప్పది సంవత్సరముల తగవు తరువాత సిరాబుడ్డి మరల బల్లమీదికి వచ్చినది.

ఈ మార్పు న్యాయస్థానముల వలనకంటె కొనువారి పట్టుదల వలన వచ్చినదనుట సత్యమునకు దగ్గర. రహస్యముగ సిరంజి పట్టిన దుకాణపు కుర్రవాడు, తనకు తెలియకుండగనే, ఒక పరిశ్రమ లెక్కలను తారుమారు చేసెను. అయితే తొట్టె యంత్రము వచ్చినందున సిరా స్వభావము మారలేదు. హెడ్డు ఇపుడు పెట్టెతో పారవేయునది కాదు, యంత్రములో నిలిచియుండునది. పోయు అధికారము మనదైనప్పుడు పోసిన తప్పు ఫలము కూడ మనదే. కావున ఆ యంత్రమునకు నిర్దేశించిన జాతి సిరాను వాడుట, ఒక రంగు తొట్టెలో మరియొకటి పోయకుండుట, తొట్టె అడుగంటువరకు ఉపేక్షింపకుండుట, వారమునకొక పుటయైన రంగులతో ముద్రించి సిరాను రంధ్రములలో కదలుచుండునట్లు చూచుట కొనినవాని విధులు. హెడ్డు మూసికొనినదని మాటిమాటికి శుభ్రపరచు మీట నొక్కుట కూడ మంచిది కాదు. ఆ శుభ్రతకు ఖర్చగునది సిరాయే.

"సిరా హెడ్డును చెరుపగలదు" అను మాట శాస్త్రసత్యము. "కావున మీరు సిరా పోయరాదు" అనుట దానినుండి తేలు సిద్ధాంతము కాదు. ఫౌంటెన్ పెన్నుకు లక్కసిరా పనికిరాదని చెప్పినవారు కలమునకు తాళము వేయలేదు. ఏ సిరా పనికివచ్చునో చెప్పిరి, జనులు నేర్చుకొనిరి. సన్నని దారికి తగిన సిరాను చేయుట పరిశ్రమ ధర్మము. ఆ సిరా ఎట్టిదో దాచక చెప్పుటయు దాని ధర్మమే. తెలిసికొని పోసికొనుట కొనినవాని ధర్మము, హక్కు కూడను.